గ్రహణం నాటి వంతు

బహుళ పంచమి

మా ఇంటి వెనక సముద్రపు గోడ: అడుగున చెమ్మ ఉంది, ఊట లేదు. నీళ్ళు తోడాల్సిన పని పడలేదు. ఆకాశం: మబ్బు.

ఇవాళ్టి నుంచి గోడకి చెప్పే పని నాది. నా పేరు వీరవేణి. ఇన్నాళ్ళూ మా అత్తగారు మంగాయమ్మ గారు చెప్పేవారు. ఆవిడకి చూపు తగ్గింది, చెమ్మ ఎంతవరకు ఎక్కిందో తెలియడం లేదు. వీధి చివర గోడలో పలకలాంటి తెర ఉంది. దాని ముందు నిలబడి మాట్లాడితే మాటలు అక్షరాలవుతాయి. నేను ఐదు వరకే చదివాను. నా ఒత్తులూ దీర్ఘాలూ అదే సరిచేస్తుంది. ముందు చెమ్మ సంగతి, తర్వాత ఊట, తర్వాత ఆకాశం అడుగుతుంది. చివర "ఇంకేమైనా?" అంటుంది. అత్తగారు "ఏం లేవు" అనేసి వచ్చేసేవారట.

మనుషుల ముందు నాకు గొంతు పెగలదు. గోడ ముందు పెగులుతోంది. కాబట్టి చెబుతాను.

పొద్దున్నే గోడ మొదట్లో పేరుకున్న ఉప్పు గీకాను. జావకి నాచుపిండి జల్లించాను. పోటు వేళ సముద్రం మా పెంకుల కన్నా ఎత్తున ఉంటుంది, అలల చప్పుడు తల మీద నుంచి వినిపిస్తుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ చప్పుడుకి అన్నం సహించేది కాదు. ఇప్పుడు వినపడకపోతేనే తోచదు.

తూము వీధి నుంచి నాగూర్‌బీ అక్క వచ్చింది. పాత దుప్పట్లు విప్పి మళ్ళీ కుట్టిపెడుతుంది. వాళ్ళ ఆయన దస్తగిరి గారు తూము కాపలాదారు. సముద్రం వెనక్కి తీసే పాటు వేళ తలుపు తెరిస్తే ఊళ్ళో మురుగూ ఊటా బయటికి పోతాయి. పోటు రాకముందే మూసెయ్యాలి. పూర్వం మోటారు ఉండేదట, ఉప్పు తినేసింది. ఇప్పుడు చక్రాన్ని ఇద్దరు మనుషులు చేత్తో తిప్పాలి. తలుపు అడుక్కంటా దిగితే గంట మోగుతుంది. ఆ గంట విన్నాకే ఊళ్ళో ఆడవాళ్ళు పిల్లల్ని వీధిలోకి వదులుతారు.

"ఏం పిల్లా, ఇంకా వాంతులేనా?" అంది.

"తగ్గాయక్కా."

"ఐదో నెల కదా. అమావాస్యకి గ్రహణం అంట. మీ అత్త నిన్ను మంచానికి కట్టేస్తది చూడు."

లోపల్నుంచి అత్తగారు అందుకున్నారు. "కడతానే! కట్టకపోతే బిడ్డకి మొర్రి వస్తే నువ్వొచ్చి కుడతావా?"

"కుడతానమ్మా. నీ దుప్పటి కుట్టిన చెయ్యేగా, ఆమాత్రం కుట్టలేనా!"

ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను గానీ, లోపల భయమేసింది. గ్రహణం అమావాస్యకో పౌర్ణమికో వస్తుంది. పెద్ద పోట్లూ అప్పుడే. ఆ పూట మా వాళ్ళెవరూ గడప దాటరు. అందుకని గోడ కట్టిన నాటి నుంచీ గ్రహణం వంతు తూము వీధి తురకలదీ, చర్చి వీధి వాళ్ళదీ. వాళ్ళ రంజానుకీ క్రిస్మస్సుకీ మా వాళ్ళు నిలబడతారు. దాన్ని బదులు అంటారు. నిరుడు చర్చి కాలాక ఆ వీధి వాళ్ళు పడవలెక్కి వెళ్ళిపోయారు. ఇక మిగిలింది తూము వీధే.

బహుళ సప్తమి

చెమ్మ: నిన్నటంతే. ఆకాశం: తెరిపి.

మంచినీళ్ళ తొట్టి ఉప్పు తిరిగింది. ఏటా వేసవిలో తిరుగుతుంది. ఈ ఏడు మాత్రం తొట్టి దగ్గర నాచు మిల్లు భద్రం గారు నిలబడి కేకలేస్తున్నారు. వీధి పెద్ద ఆయనే.

"ఊరికే తిరగలేదమ్మా. తిప్పారు! తూము వాళ్ళ చేతిలో ఉంది. పోటు వేళ సందు వదిలితే సముద్రం లోపలికి రాదూ?"

"వాళ్ళెందుకు చేస్తారండీ?" అని ఎవరో అడిగారు.

"ఎందుకా? మనం పోతే ఊరు వాళ్ళది కాదూ?"

వాళ్ళు తాగేదీ ఈ తొట్టి నీళ్ళే. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. బిందె నిండింది, వరసలో వెనకావిడ జరగమంది. జరిగాను.

బహుళ అష్టమి

చెమ్మ చూడలేదు. ఆకాశం: పొగ.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మిల్లు వైపు నుంచి మగవాళ్ళు తూము వీధిలోకి వెళ్ళారు. మా ఆయన అబ్బులు పంపుల దగ్గర పనిలో ఉన్నాడు. అత్తగారు తలుపు గడియ వేశారు. కేకలు వినిపించాయి. కొట్టేవాళ్ళవి ఏవో, దెబ్బలు తినేవాళ్ళవి ఏవో కాసేపటికి తేడా తెలియలేదు. తర్వాత పొగ వాసన. దూది కాలే వాసన వేరుగా ఉంటుంది.

పోటు ఎక్కుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. అంత గొడవలోనూ తూము గంట మోగింది. అత్తగారు చేతులు జోడించి, "అమ్మయ్య, తలుపు పడింది," అన్నారు.

మా ఆయన పొద్దు వాలాక వచ్చాడు. నూతి దగ్గర కూర్చుని చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు. చేతులకి మట్టి కూడా లేదు.

బహుళ నవమి

చెమ్మ: జానెడు. ఊట లేదు.

దస్తగిరి గారు పోయారు. చక్రం దగ్గరే పడిపోయారట. ఆయనకి సాయం పట్టిన తమ్ముడికి తల పగిలింది. మిగిలిన తూము వీధి వాళ్ళందరినీ తూము తలుపు పక్కనున్న చిన్న తలుపులోంచి గోడ అవతలికి నెట్టేశారు. అక్కడ ఇసుక మేట మీద పాత పంటు పడవ ఒకటి ఉంది. పోటొస్తే దానిమీదకెక్కుతారు, పాటైతే బురదలోకి దిగుతారు.

మసీదు గోడలు మాత్రం నిలబడి ఉన్నాయని మా ఆయన చెప్పాడు. కంచం తోసేసి, "గోడకి ఏం చెబుతున్నావు నువ్వు?" అని అడిగాడు.

"చెమ్మ."

"చెమ్మే చెప్పు."

తొట్టిలో నీళ్ళు ఇవాళ ఇంకా ఉప్పగా ఉన్నాయి.

బహుళ ఏకాదశి

చెమ్మ: జానెడు. ఆకాశం: ఎండ.

గోడ సూపర్వైజరు విజయసారథి గారు మగవాళ్ళందరినీ పిలిపించారు. తూము కాపలాకి రోజుకిద్దరు చొప్పున ఎలాగో నెట్టుకొస్తున్నారు. గ్రహణం వంతు ఎవరిదని అడిగారట. మా వీధి అరుగు మీదే జరిగింది కనుక తలుపు చాటునుంచి విన్నాను.

"నాకు వీలవదండి. నా నక్షత్రం మీదే పట్టు," అన్నాడు ఒకాయన.

"నాదీ అదేనండి."

"మా పెద్దోడిదండి. తండ్రినై ఉండి నేనెలా ఎల్తాను?"

విజయసారథి గారికి విసుగొచ్చింది. "ఊరంతా ఒకే నక్షత్రంలో పుట్టారేంటయ్యా!"

"మీరు ఉండొచ్చు కదండీ," అన్నారు ఎవరో.

"నేను దీక్షలో ఉన్నాను," అన్నారాయన. ఎవరూ నవ్వలేదు.

మా ఆయన వంతొచ్చింది. "మా ఇంట్లో కడుపుతో ఉందండి," అన్నాడు. అది నిజమే.

అప్పుడు భద్రం గారు గొంతు సవరించుకున్నారు. "ఎప్పుడూ చేసేవాళ్ళు గోడ అవతల ఊరికే కూర్చునున్నారు కదా. ఆ ఒక్క పూటకీ ఇద్దర్ని రమ్మందాం. అలవాటైన పని."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ మాటలో తప్పుందని ఎవరి ముఖంలోనూ కనపడలేదు. బదులు ఎప్పుడూ ఉన్నదే కదా అన్నట్టున్నారు. ఆడమనిషి వెళ్ళి అడిగితే బాగుంటుందన్నారు. నాగూర్‌బీతో చనువున్నది మా ఇంటికే.

బహుళ త్రయోదశి

చెమ్మ: జానెడు పైన. ఊట మొదలైంది, రెండుసార్లు తోడాను.

పాటు వేళ చిన్న తలుపు తీసి నన్ను బయటికి పంపారు. పెళ్ళయ్యాక గోడ దాటడం ఇదే. బయట అంత వెలుతురు ఉంటుందని మర్చిపోయాను. మేట మీద పిల్లలు గవ్వలు తవ్వుతున్నారు. పంటు నీడలో నాగూర్‌బీ అక్క కూర్చుని ఉంది. చేతులకి గాజుల్లేవు. నా చేతిలో జావగిన్నె చూసింది.

"ఎవరు పంపారు?"

"జావ నేనే తెచ్చానక్కా. మాట సూపర్వైజరు గారు పంపారు. భద్రం గారూ."

"ఏంటంట?"

తల దించుకుని చెప్పాను. "అమావాస్య పూట తూము మీదకి ఇద్దర్ని పంపమన్నారు. ఆ పూటకే. విడుపు అయ్యాక..."

"అయ్యాక?"

"మళ్ళీ ఇక్కడికి వచ్చెయ్యమన్నారు."

నవ్వింది. పంటు మీద పడుకున్నవాళ్ళు లేచి చూశారు. "కొంప కాల్చి, మనిషిని చంపి, బదులడుగుతున్నారా? మరి రంజానుకి మీవాళ్ళు ఏ తూము మీద నిలబడతారే? ఈ బురదలోనా?"

నవ్వు ఆగాక ఆవిడే నెమ్మదించింది.

"కోపంతో రామనట్లేదు పిల్లా. చక్రం పట్టుకున్నాక రెండు చేతులూ దానిమీదే ఉండాలి. వెనకెవడున్నాడో చూసుకోలేం. మా ఆయన చూసుకోలేదు. విదియనాడు లాంచీ వస్తాది. ఎగువన ఇంకో కట్ట ఊరివాళ్ళు చేర్చుకుంటామన్నారంట. చేర్చుకోకపోతే ఇంకో కట్ట."

"జావ తాగక్కా."

"అక్కడ పెట్టు. నువ్వు తిన్నావా?"

తిన్నానని అబద్ధం చెప్పాను. తిరిగొచ్చి రామన్నారని చెబితే, "చూశారా పొగరు!" అన్నారు భద్రం గారు. చివరికి ఆయన అన్నకొడుకు చిట్టిబాబునీ, మిల్లులో పనిచేసే ఇంకో అతన్నీ గ్రహణం వంతుకి వేశారు. ఇద్దరూ తల ఊపారు. ఊరు నిశ్చింతగా ఇళ్ళకి పోయింది.

అమావాస్య

ఊట: కొలవలేదు. ఆకాశం: ఆ సంగతి కిందే చెబుతాను.

పొద్దున్నే పట్టు స్నానాలు చేశాం. అత్తగారు పచ్చళ్ళ జాడీల మీద, నీళ్ళ బిందెల మీద దర్భలు వేశారు. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ముడవద్దన్నారు, గోరు గిల్లుకోవద్దన్నారు. మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎండ పలచబడింది. ఊళ్ళో ఒక్క చప్పుడు లేదు. తల మీద సముద్రం మాత్రం ఎక్కుతోంది.

"అత్తయ్యా, గంట మోగలేదు."

"మోగుతుంది. కదలకు."

"పోటు పెంకుల దాకా వచ్చేసిందండీ."

"వాళ్ళిద్దరూ ఉన్నారు. నోరు మూసుకుని పడుకో."

గంట మోగలేదు. గుమ్మం కింద నుంచి నీటిచార ఒకటి లోపలికి వచ్చింది. మెల్లగా వచ్చి బిందె దగ్గర చీలి, నా మంచం కోడు చుట్టూ తిరిగింది. లేచాను. అత్తగారి అరుపు వీధి మలుపు దాకా వినిపించింది.

అన్ని తలుపులూ వేసి ఉన్నాయి. నీళ్ళు పాదాలు దాటాయి. తూము వీధిలోకి వచ్చేసరికి మోకాళ్ళ దాకా ఉన్నాయి, పైన బూడిద తేలుతోంది. తూము దగ్గర ఎవరూ లేరు. ఒకడు వెళ్తాడని రెండోవాడు, రెండోవాడు వెళ్తాడని మొదటివాడు అనుకున్నారని తర్వాత తెలిసింది. తలుపు కింద నుంచి సముద్రం తోసుకొస్తోంది. చక్రం పట్టుకుని ఊగాను. కదల్లేదు.

వెనక నీళ్ళ చప్పుడైంది. మా ఆయన వచ్చాడు. వచ్చి చక్రానికి బారెడు దూరంలో ఆగిపోయాడు.

"పట్టండి," అన్నాను.

"ఇక్కడే వేణీ..."

"తెలుసు. పట్టండి."

"దస్తగిరి తలుపు వేస్తున్నాడు. వాళ్ళేమో తెరుస్తున్నాడు, తెరుస్తున్నాడని అరిచారు. పంపుల దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చాను. చక్రం ఎటు తిరుగుతోందో నాకు కనబడుతోంది. వేస్తున్నాడని ఒక్క కేక వెయ్యలేకపోయాను. కొడుతున్నా వదల్లేదు. గంట మోగాకే వదిలాడు."

ఆయన ఏడుస్తున్నాడు. ఓదార్చడానికి నాకు ఓపిక లేదు. "పట్టండి," అన్నాను మళ్ళీ. అంత పెద్ద గొంతు నాకుందని తెలియదు.

పట్టాడు. ఇద్దరం తిప్పాం. కడుపు బిగుసుకుంటుంటే ఆగాను, వదలగానే మళ్ళీ తిప్పాను. నేను పైకి చూడలేదు. నీళ్ళలో సూర్యుడు కొడవలిలా కనిపించాడు. గంట మోగేదాకా దాన్నే చూస్తూ తిప్పాను.

శుద్ధ పాడ్యమి

చెమ్మ: అన్ని ఇళ్ళలోనూ. ఆకాశం: ఎండ.

ఊరంతా బురద ఎత్తిపోస్తోంది. అత్తగారు నాతో మాట్లాడలేదు. నిన్న ఇంటికి రాగానే నెత్తిన నీళ్ళు పోసి, పొట్ట మీద చెయ్యేసి చాలాసేపు ఉంచారు. లోపల బిడ్డ కదిలాక, అన్నం నాకే ముందు పెట్టారు.

సాయంత్రం అందరూ మా అరుగు దగ్గర చేరారు. వచ్చే గ్రహణానికి ఇలాగైతే కష్టమని, తూము వీధి వాళ్ళని వెనక్కి పిలిచెయ్యడమే మంచిదని విజయసారథి గారు అన్నారు. నేను కూర్చున్న గడప మీద ముందుకి జరిగాను. కానీ భద్రం గారు నన్ను చూపించి చప్పట్లు కొట్టారు.

"వాళ్ళెందుకండీ ఇంక? కడుపుతో ఉన్న పిల్ల వేసింది తలుపు! ఏమైంది? ఏమీ కాలేదు. వాళ్ళు లేకపోతే గడవదనుకున్నాం ఇన్నాళ్ళూ. ఇక ఆ బెంగ తీరింది. తూము కాపలా అబ్బులు ఇంటికే ఇచ్చెయ్యండి."

అందరూ అవునవునన్నారు. నా ఒళ్ళో తాళంచెవులు పడ్డాయి. తూముదొకటి, చిన్న తలుపుదొకటి.

నేను లేవకపోతే ఊరు మునిగేది, తూము వీధి వాళ్ళు కావాలని అప్పుడు పిలిచేవారు. లేచాను, వాళ్ళ అక్కర తీరిపోయింది. ఈ రాత్రి చాలాసేపు ఇదే ఆలోచించాను. గోడ దగ్గరికి వచ్చేసరికి ఇంకోలా తోచింది. గ్రహణం కోసం పిలిస్తే గ్రహణం దాకానే ఉంచుతారు. మోటారు బాగుపడిన రోజున మళ్ళీ నెట్టేస్తారు. నాగూర్‌బీ అక్క మా వీధిలోకి వచ్చేది తూము కోసం కాదు. అత్తగారితో పోట్లాడటానికి వచ్చేది, దుప్పట్లకి వచ్చేది, ఒక్కోసారి దేనికీ కాదు. వాళ్ళ రంజాను నెలంతా సాయంత్రాలు మా వీధి దాకా వాసనలొచ్చేవి. చర్చి వీధిలో పాటలుండేవి. ఇప్పుడు ఊళ్ళో అందరూ ఒకే రోజు స్నానం చేస్తారు, ఒకే రోజు పడుకుంటారు, ఒకే రోజు భయపడతారు. అలసటగా ఉంది.

శుద్ధ విదియ

చెమ్మ: జానెడు. తూము: పాటు వేళ తెరిచాను.

దీన్ని తూము దగ్గరున్న తెరకి చెబుతున్నాను. ఇంటికి వెళ్ళడానికి ఇంకా ధైర్యం చాలడం లేదు.

లాంచీ రేవులో ఆగి ఉంది. చిన్న తలుపు తాళం తీశాను. మా ఆయన చూసి, చక్రం దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. నేను గుమ్మంలో నిలబడి అక్కా అని పిలిచాను. మూటలు మోస్తున్నవాళ్ళందరూ ఆగారు. ఆవిడ బురదలో నడుచుకుంటూ వచ్చింది.

"మొన్న నువ్వే తలుపు వేశావంటగా. పంటు మీదకి వినిపించింది గంట."

"అవునక్కా."

"తాళాలు కూడా నీకే ఇచ్చారంట. మరి ఇంక మాతో ఏం పనుందని పిలుస్తున్నావు?"

రాత్రి అనుకున్న మాటలన్నీ పోయాయి.

"పనేమీ లేదక్కా," అన్నాను. "ఊరికే రండి."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. నా భుజం మీద నుంచి లోపలికి, చక్రం వైపు చూసింది. అక్కడ మా ఆయన ఉన్నాడు.

"అతనేం చెబుతాడంట?"

మా ఆయన అక్కడి నుంచే చెప్పాడు, కళ్ళు తుడుచుకుంటూ. "ఆ రోజు మీ ఆయన తలుపు వేస్తున్నాడని చెబుతానమ్మా. నేను చూశానని అరుగు మీదే, అందరి ముందూ చెబుతాను. కొట్టినవాళ్ళ పేర్లు కూడా."

"పెళ్ళికూతుర్లా ఏడవకుండా చెప్పు మరి," అంది. ఆవిడ కళ్ళూ నిండాయి.

లాంచీ కూత పెట్టింది. చాలామంది అటే వెళ్ళారు. వాళ్ళని నేను తప్పు పట్టను. దస్తగిరి గారి తమ్ముడు తల కట్టుతో నాగూర్‌బీ వెనకే నిలబడ్డాడు. ఇంకో రెండు కుటుంబాలు ఎటూ తేల్చుకోలేక మూటలు దించాయి. వీధి లోపల నుంచి మనుషులు వస్తున్న చప్పుడైంది. భద్రం గారి గొంతు కూడా ఉంది అందులో. గుమ్మం రెండు కమ్మీలూ గట్టిగా పట్టుకున్నాను, ఎవరూ తలుపు లాగెయ్యకుండా.

నాగూర్‌బీ అక్క మూట నెత్తికెత్తుకుంది.

"తప్పుకో పిల్లా," అంది. "తలుపుకి నువ్వే అడ్డంగా నిలబడి రమ్మంటే ఎలా వస్తాను?"

తప్పుకున్నాను.